పుండు మానకముందే చూపించుకోండి

మన కర్నూలోళ్ళకి ఒంట్లో ఏది తేడా వచ్చినా మొదటి ముద్దాయి వేడి. కళ్ళు మండితే వేడి, నోరు పూస్తే వేడి, ఒంటేలుకి పోతే మంట పుడితే అదీ వేడే. మే నెలలో మిట్టమధ్యాహ్నం కొండారెడ్డి బురుజు దగ్గర అయిదు నిమిషాలు నిలబడినవాళ్ళెవరూ ఈ మాటని కొట్టిపారేయలేరు. అందుకే మర్మాంగం మీదో గజ్జల్లోనో పుండు లేస్తే మొదటి వారం సబ్జా గింజలతో, మజ్జిగతో గడిచిపోతుంది. రెండో వారం మెడికల్ షాపు. నాలుగో వారానికల్లా చాలామందికి పుండు మానిపోతుంది. "చూశావా, వేడే" అనుకుని ఆ సంగతి అంతటితో వదిలేస్తారు.

నా అభ్యంతరం ఆ మానిపోవడం మీదే. పరీక్ష చేయించుకోవాలా వద్దా అని ఊగిసలాడేవాళ్ళు ఎక్కువగా వేసుకునే లెక్క ఇది: మానితే సరే, మానకపోతే అప్పుడు చూద్దాం. ఆ లెక్క తిరగేయాలని నేనంటాను. పుండు పచ్చిగా ఉండగానే, దాని మీద ఏ ట్యూబూ రాయకముందే డాక్టరుకి చూపించాలి. మానినాక వెళ్తే చూపించడానికి మచ్చ తప్ప ఏమీ మిగలదు, డాక్టరు కూడా ఊహ మీద నడవాల్సిందే.

ఎందుకంటే తనంతట తాను మానిపోయే పుండ్లలోనే అసలు భయపడాల్సింది ఒకటుంది. మన పెద్దవాళ్ళు సవాయి అనే సిఫిలిస్. కలయిక జరిగిన 10 నుంచి 90 రోజుల లోపు, ఎక్కువమందికి మూడు వారాలకి, పుండు లేస్తుంది. మామూలుగా ఒకటే ఉంటుంది. అంచు గట్టిగా తగులుతుంది, నొప్పి ఉండదు. నొప్పి లేకపోవడం వల్లే ఎవరూ పట్టించుకోరు. గజ్జల్లో బిళ్ల కట్టినా బరువెత్తినందుకేమో అనుకుంటారు. మందు వేసినా వేయకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో పుండు పోతుంది, రోగం మాత్రం రక్తంలో ఉండిపోతుంది. కొన్ని వారాల తర్వాత అరచేతుల్లో, అరికాళ్ళలో దురద లేని ఎర్రమచ్చలు వస్తాయి, అవీ పోతాయి. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఏ గుర్తూ కనబడకపోవచ్చు. గుండె రక్తనాళం మీదో, మెదడు మీదో దెబ్బ పడేది చాలా కాలానికి. ఇంత చేసే రోగానికి తొలి దశలో మందు ఏమిటంటే పెన్సిలిన్ ఇంజెక్షన్, 24 లక్షల యూనిట్లు, ఒక్కసారి. పిరుదు రెండు రోజులు సలుపుతుంది, అంతే.

మా మేనమామకి ఊళ్ళో మెడికల్ షాపు ఉండేది. డిగ్రీ చదివే రోజుల్లో సాయంత్రాలు నేను కౌంటర్ దగ్గర కూర్చునేవాణ్ణి. ఈ పని మీద వచ్చే మనిషిని దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. ముందు జ్వరం బిళ్లలు ఒక షీటు అడుగుతాడు. చిల్లర తీసుకున్నాక కూడా కదలడు. పక్కన ఆడవాళ్ళుంటే వాళ్ళు పోయేదాకా గోడ మీద క్యాలెండర్ చదువుతాడు. తర్వాత కొంచెం వంగి, "అన్నా, కింద ఏదో పుండు మాదిరి లేసింది. వేడికేమో. ఏమన్నా ట్యూబుంటే ఇయ్యి" అంటాడు. ఎన్నాళ్ళయింది, ఎట్లుంది అని మా మామ అడగడు, వచ్చినాయన అడగనివ్వడు. ఇద్దరికీ తొందరే. ఒక ట్యూబు, కత్తెరతో కత్తిరించిన నాలుగు బిళ్లలు, పేపర్ కవరు. నిమిషంలో బేరం అయిపోతుంది.

ఆ ట్యూబుల్లో ఫంగస్ మందు, యాంటీబయోటిక్, స్టెరాయిడ్ మూడూ కలిపి ఉంటాయి. స్టెరాయిడ్ వల్ల ఎరుపూ మంటా రెండు రోజుల్లో తగ్గుతాయి, మందు పనిచేసిందనిపిస్తుంది. అదే హెర్పిస్ (నీటిపొక్కులు తెచ్చే వైరస్ రోగం) అయితే ఇంకా పాకొచ్చు, తామర అయితే రూపం మారి డాక్టరుక్కూడా ఆనవాలు దొరకదు. సగం సగం వాడిన యాంటీబయోటిక్ సవాయిని నయం చేయకుండా మరుగున పెట్టగలదు. చర్మం మీద రాసే స్టెరాయిడ్ మందుల్లో చాలావాటిని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మన బజారుల్లో ఆ రూలు ఎంత నడుస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇంతా చెప్పాక ఇంకో వైపు కూడా చెప్పాలి. ఆ చోట వచ్చిన ప్రతి పుండూ కలయిక వల్ల వచ్చింది కాదు. విరేచనాలకో, ఒళ్ళునొప్పులకో వేసుకున్న బిళ్ల పడక అక్కడే గుండ్రంగా నల్లగా కమిలి, పొక్కి, పుండు పడడం స్కిన్ డాక్టర్లు తరచూ చూసేదే. మళ్ళీ అదే బిళ్ల వేసుకుంటే సరిగ్గా అదే చోట మళ్ళీ వస్తుంది, మానినా నల్లమచ్చ ఉండిపోతుంది. గజ్జి అయితే రాత్రిళ్ళు దురద, ఇంట్లో అందరికీ గోకుడు. ముందరి చర్మం పగిలి, తెల్లగా పెరుగులా పేరుకుంటుంటే షుగర్ చూపించుకోవాలి. తనకి షుగర్ ఉందని ఒక మనిషికి మొదట తెలిసేది ఇలా కూడా కావచ్చు. "నేనేం తప్పు చేయలేదు, నాకెందుకు పరీక్ష" అనేవాళ్ళు కూడా వెళ్ళాలని నేననేది ఇందుకే. వెళ్తే ఆపాల్సిన బిళ్ల ఏదో తెలుస్తుంది, లేదా షుగర్ బయటపడుతుంది.

హెర్పిస్ సంగతి వేరు. చిన్న చిన్న నీటిపొక్కులు గుంపుగా లేచి, పగిలి, మంటగా నొప్పిగా ఉంటాయి. మొదటిసారి జ్వరం కూడా రావచ్చు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ మళ్ళీ వస్తుంది. కాపురాలు కూలేది దీని దగ్గరే. భార్యకి పొక్కులు రాగానే మొగుణ్ణో, మొగుడికి రాగానే భార్యనో నిలదీస్తారు, ఆ తర్వాత రెండు వైపుల పెద్దమనుషులు కూర్చుంటారు. కానీ ఈ వైరస్ ఒంట్లో ఏళ్ళ తరబడి ఏ గుర్తూ లేకుండా ఉండగలదు, గుర్తుల్లేని మనిషి నుంచీ అంటగలదు. పెళ్ళికి ముందెప్పుడో సోకినది పదేళ్ళకి మొదటిసారి పైకి తేలొచ్చు. పెదవి మీద పొక్కులు తెచ్చే వైరస్ కూడా నోటి ద్వారా అక్కడికి చేరుతుంది. ఎవరు, ఎప్పుడు అని తేల్చే రక్తపరీక్ష ఏదీ లేదు. తేల్చగలనని ఎవరైనా ల్యాబు ప్యాకేజీ అమ్మితే కొనకండి. హెర్పిస్‌కి పనికొచ్చేది పచ్చి పుండు నుంచి దూదిపుల్లతో తీసిన నమూనా, అంటే స్వాబ్. అదీ మానకముందే వెళ్ళాల్సిన కారణమే.

ఎక్కడికి వెళ్ళాలి? కర్నూలు పెద్దాసుపత్రి, అనంతపురం పెద్దాసుపత్రి, కడపలో మనమింకా రిమ్స్ అనే ఆసుపత్రి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో, జిల్లా ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ పేరుతో ఈ రోగాలకే ఒక విభాగం నడుస్తుంది. చూడడం, పరీక్ష, మందులు అన్నీ ఉచితం. మందులు రంగురంగుల కిట్లలో ఇస్తారు: మామూలు పుండ్లకి తెలుపు, పెన్సిలిన్ పడనివాళ్ళకి నీలం, హెర్పిస్‌కి ఎరుపు, గజ్జల్లో బిళ్లకి నలుపు. రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా లక్షణం చూసి అదే రోజు మందు మొదలుపెట్టడానికి ఈ ఏర్పాటు. హెచ్ఐవీకి సలహా, పరీక్ష చేసే కేంద్రం ఐసీటీసీ వేరే ఉంటుంది. ముందు మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. మీ సమ్మతి లేకుండా హెచ్ఐవీ పరీక్ష చేయకూడదని, ఫలితం బయటపెట్టకూడదని 2017 చట్టం చెబుతోంది.

తెలిసినోళ్ళెవరైనా చూస్తారని భయం, నిజమే. కడపోళ్ళు కర్నూలుకి, కర్నూలోళ్ళు అనంతపురానికి పోయి చూపించుకోవడం కొత్తేమీ కాదు, అందులో తప్పూ లేదు. ఆ మాటకొస్తే స్కిన్ ఓపీ బెంచీ మీద కూర్చున్న మనిషి తామరకొచ్చాడో, జుట్టు రాలుతోందని వచ్చాడో చూసేవాళ్ళకెలా తెలుస్తుంది?

పరీక్షలకి టైమింగ్ ఉంటుంది, ఇది చాలామందికి చెప్పేవాళ్ళుండరు. పుండు లేచిన మొదటి ఒకటి రెండు వారాల్లో సవాయికి చేసే రక్తపరీక్ష వీడీఆర్ఎల్ నెగెటివ్ రావచ్చు, కొన్ని వారాలాగి మళ్ళీ చేయించాలి. హెచ్ఐవీకి ల్యాబులో చేసే నాలుగో తరం పరీక్ష అయితే 45 రోజులు, మామూలు ర్యాపిడ్ టెస్టు అయితే మూడు నెలలు దాటాక వచ్చిన నెగెటివే నమ్మదగింది. భయపడ్డ కలయిక జరిగి ఇంకా 72 గంటలు కాకపోతే ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి ఆసుపత్రికి పరిగెత్తండి, హెచ్ఐవీ రాకుండా ఆపే మందులున్నాయి. మగవాడికి సవాయి తేలితే భార్యకీ రక్తపరీక్ష తప్పదు. ఆడవాళ్ళకి పుండు లోపల ఉండి వాళ్ళకే కనబడకపోవచ్చు. ఆమె గర్భిణి అయితే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు, బిడ్డ ప్రాణం మీదికి వస్తుంది.

ఇక అమెరికాలో ఉంటున్న మన సంగతి. ఊళ్ళో తమ్ముడో బావమరిదో రాత్రిపూట ఫోటో వాట్సాప్ చేస్తే, దాన్ని ఇక్కడి డాక్టరు ఫ్రెండుకి ఫార్వర్డ్ చేసి, ఆయన మొహమాటానికి చెప్పిన మందు పేరు తిరిగి పంపుతాం. పెద్ద సాయం చేశామనుకుంటాం. డబ్బు పంపి మాస్టర్ హెల్త్ చెకప్ చేయించుకో అంటాం, అందులో సాధారణంగా వీడీఆర్ఎల్ ఉండదు. "రేపు పొద్దున ఓపీకి పో, ఏమీ పూయకుండా పో" అనే ఒక్క మాట ఈ రెండిటికంటే మేలు. డిసెంబర్ సెలవులకి ఊరెళ్ళి ఇలాంటిది తగిలించుకున్నవాళ్ళు కూడా అమెరికా వచ్చాక చూపిద్దామని వాయిదా వేయొద్దు. వచ్చేలోపు పుండు మానుతుంది. ఇక్కడికొచ్చాకే లేచిందా, కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ క్లినిక్కులున్నాయి. సిఫిలిస్ తేలితే హెల్త్ డిపార్ట్‌మెంట్‌కి తెలియజేయడం ఇక్కడ చట్టం. వాళ్ళు మీ భాగస్వామికి కబురు చెప్పినా మీ పేరు చెప్పరు.

కడప, రాయచోటి, రాజంపేట నుంచి కువైట్ పోయేవాళ్ళ భయం ఇంకోటి: మెడికల్‌లో అన్‌ఫిట్ అంటారని. గల్ఫ్ మెడికల్‌లో హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు ఎలాగూ చేస్తారు. ముందే తెలుసుకుని సిఫిలిస్‌కి మందు వేయించుకుంటే ఆ రోజు కొత్తగా షాకు తగలదు. అమెరికా గ్రీన్‌కార్డు మెడికల్‌లో 2010 జనవరి నుంచి హెచ్ఐవీ పరీక్ష తీసేశారు, సిఫిలిస్ పరీక్ష నిర్ణీత వయసువాళ్ళకి ఉంది, వైద్యం పూర్తయినట్టు కాగితం ఉంటే అడ్డు కాదు. ఆ కాగితం దగ్గరే మనవాళ్ళు దెబ్బతింటారు. వైద్యం అయ్యాక వీడీఆర్ఎల్ అంకె తగ్గుతుంది గానీ సవాయికే చేసే ఇంకో రక్తపరీక్ష టీపీహెచ్ఏ చాలామందికి జీవితాంతం పాజిటివ్‌గానే వస్తుంది. పదేళ్ళ తర్వాత ఏ మెడికల్‌లోనైనా అది మళ్ళీ తేలితే, రోగం ఇప్పుడుందా, అప్పుడే పోయిందా అని చెప్పేది పాత చీటీయే. ఇంజెక్షన్ వేసిన తేదీ, డోసు, ఆనాటి వీడీఆర్ఎల్ అంకె ఉన్న ఆ చీటీని స్కాన్ చేసి, పొలం పాసుపుస్తకాలూ డిగ్రీ సర్టిఫికెట్లూ ఉన్న ఫోల్డర్లోనే పెట్టుకోండి. ఫైలు పేరు మాత్రం పిల్లలు తెరవాలనుకోనిది ఏదైనా పెట్టండి, కరెంటు బిల్లు అని పెట్టినా సరే.