కీప్యాడ్ ఫోన్లు పారేయమంటున్న ఆ మెసేజ్‌లో నిజమెంత?

తిరుపతి, చిత్తూరు వైపు ఊరి గ్రూపుల్లో, బంధువుల గ్రూపుల్లో ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. ప్రీపెయిడ్ వాడేవాళ్లంతా వెంటనే ఫోన్ మార్చుకోవాలన్నది దాని సారాంశం. పాతకాలపు 2జి నెట్‌వర్క్ ఆగిపోతోందని, కీప్యాడ్ ఫోన్లు ఇక మోగవని అంటోంది. వెయ్యి రూపాయల కొత్త 4జి ఫోన్‌లో ఏ సిమ్ అయినా, వాట్సాప్ అయినా నడుస్తుందని చెబుతోంది. చిన్న ఫోన్‌తో డబ్బు పంపడం కుదరదని, పదివేల లోపు 5జి ఫోన్ కొంటే ఏ కంపెనీ 5జి అయినా వస్తుందని, నెల రీఛార్జ్ తప్పితే నంబరు పోతుందని, చౌక ఫోన్లలో రేడియేషన్ ఎక్కువని కూడా ఉంది. చివర్లో ఉచిత ఫోన్ కోసమంటూ ఒక లింకు.

దీన్ని నమ్మి భయపడుతున్నది ఎవరో చూస్తే బాధేస్తుంది. పల్లెల్లో పింఛను డబ్బుతో బతికే అవ్వాతాతలు, పాలు పోసుకునే ఆడవాళ్లు, మామిడి తోటల్లో కూలికి పోయేవాళ్లు. వాళ్ల ఫోన్ బాగానే పనిచేస్తోంది. అనవసరంగా డబ్బు ఖర్చు చేయించే ముందు ఒక్కో మాటా నిజమో కాదో చూడాలి కదా.

మొదట 2జి సంగతి. ఇది రాసే నాటికి మన దేశంలో 2జి ఆపేయడానికి ప్రభుత్వం ఏ తేదీనీ ప్రకటించలేదు. ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా (వీఐ) ఇప్పటికీ 2జి నడుపుతున్నాయి. ఎయిర్‌టెల్ 2020లో ఆపేసింది 3జిని, 2జిని కాదు. ఈ పుకారుకు మూలం బహుశా జియో. ఆ కంపెనీ 2016 సెప్టెంబరులో 4జితోనే మొదలైంది, తర్వాత 5జి కూడా పెట్టింది, దానికి 2జి అసలు లేదు. 2జిని దేశంలో ఆపేయాలని అది బహిరంగంగానే కోరుతోంది. కానీ ఒక కంపెనీ కోరడం వేరు, నెట్‌వర్క్ ఆగిపోవడం వేరు. పాత కీప్యాడ్ ఫోన్‌లో జియో సిమ్ వేస్తే పనిచేయదు, అది నిజమే. అందులో ఎయిర్‌టెల్ సిమ్మో వీఐ సిమ్మో ఉండి, ఇంట్లో సిగ్నల్ వస్తుంటే ఆ ఫోన్‌కు వచ్చిన ముప్పేమీ లేదు. రేపెప్పుడైనా 2జి ఆపాల్సి వస్తే ఆ కంపెనీయే తన కస్టమర్లకు చెబుతుంది. అప్పుడు మార్చుకోవచ్చు.

ఇక వెయ్యి రూపాయల ఫోన్. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. 2023 జులైలో జియో భారత్ ఫోన్ 999 రూపాయలకు వచ్చింది. తర్వాతి మోడళ్లు వి3, వి4 2024లో 1,099కు వచ్చాయి. మంచి ఫోనే, దాంతో యూపీఐ కూడా చేయొచ్చు. కానీ అది జియో సిమ్‌కే లాక్ అయి ఉంటుంది. ఇంట్లో ఇరవై ఏళ్లుగా వాడుతున్న ఎయిర్‌టెల్ నంబరు తీసి అందులో వేస్తే పనిచేయదు. బ్యాంకుకు, ఆధార్‌కు, గ్యాస్ బుకింగ్‌కు అదే నంబరు ఇచ్చి ఉంటారు. అప్పుడు నంబరును జియోకు పోర్ట్ చేయించుకోవాలి, అంటే నంబరు అదే ఉంచి కంపెనీ మారాలి, లేదంటే ఆ ఫోన్ పెట్టెలోనే ఉండిపోతుంది. దుకాణంలో ఈ మాట ముందే చెప్పేవాళ్లు ఉన్నారు, చెప్పనివాళ్లూ ఉన్నారు. ఏ సిమ్ అయినా పట్టే 4జి కీప్యాడ్ ఫోన్లు వేరే ఉన్నాయి, వాటికి ఇంకొంచెం ఎక్కువ పెట్టాలి. కాబట్టి ఫోన్ కంటే ముందు చూడాల్సింది సిమ్‌ను. మీ ఇంటి వసారాలో, పొలం దగ్గర ఏ కంపెనీ సిగ్నల్ బాగా అందుతుందో పక్కింటివాళ్ల ఫోన్లతో చూసుకుని, దానికి సరిపోయే ఫోన్ కొనండి. అడవి అంచు పల్లెల్లో ఒక కంపెనీ సిగ్నల్ దొరికిన చోట ఇంకోటి దొరక్కపోవచ్చు.

వాట్సాప్ మాట కూడా పట్టించుకోవాలి. 2017లో వచ్చిన జియోఫోన్ కైఓఎస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచేది, అందులో వాట్సాప్ ఉండేది. అలాంటి ఫోన్లకు కొత్తగా వాట్సాప్ ఇవ్వడం 2024 జూన్‌లో ఆగిపోయింది, ఉన్నవాళ్లకు కూడా 2025 మొదట్లో ఆగిపోయింది. గల్ఫ్‌లో ఉన్న కొడుకుతో వీడియో కాల్ మాట్లాడాలనుకునే తల్లికి ‘వాట్సాప్ వస్తుంది’ అని చెప్పి కీప్యాడ్ ఫోన్ అంటగట్టడం తప్పు. ఆమెకు కావాల్సింది చిన్నదైనా స్మార్ట్‌ఫోనే.

చిన్న ఫోన్‌తో డబ్బు పంపలేరన్నది అబద్ధం. 2022 మార్చి 8న రిజర్వ్ బ్యాంకు యూపీఐ 123పే మొదలుపెట్టింది, సరిగ్గా కీప్యాడ్ ఫోన్లవాళ్ల కోసమే. ఇంటర్నెట్ అక్కర్లేదు. ఒక నంబరుకు ఫోన్ చేసి, అది అడిగినదానికి బటన్లు నొక్కి, చివర్లో పిన్ కొడితే చాలు. ఒకసారికి 5,000 ఉన్న పరిమితిని 2024 అక్టోబరులో 10,000కు పెంచారు. బ్యాంకులో మీ నంబరు నమోదై ఉండాలి, పిన్ ముందే పెట్టుకుని ఉండాలి. ఈ పని మనవడితో చేయించుకున్నా, పిన్ మాత్రం మీరే నొక్కండి.

రీఛార్జ్ గురించి ఆ మెసేజ్ చెప్పినదాంట్లో సగమే నిజం. ప్లాన్ అయిపోతే కాల్స్ ఆగిపోతాయి, అంతవరకే నిజం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013లో తెచ్చిన నిబంధన ప్రకారం 90 రోజుల పాటు ఏ వాడకమూ లేకపోతే తప్ప ప్రీపెయిడ్ నంబరును రద్దు చేయకూడదు. ఆ తర్వాత కూడా అకౌంట్‌లో 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే, అది తీసుకుని ఇంకో 30 రోజులు ఉంచాలి.

అసలు మనవాళ్లకు తెలియాల్సింది ఇంకొకటుంది. ఫోన్ కంటే రీఛార్జ్‌కే ఎక్కువ ఖర్చవుతుంది. డేటా వాడనివాళ్లకు విడిగా కాల్స్, ఎస్ఎంఎస్ ప్లాన్ ఇవ్వాల్సిందేనని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. అందుకే 2025 జనవరిలో అలాంటి ప్లాన్లు వచ్చాయి. అప్పట్లో ఎయిర్‌టెల్‌లో 84 రోజులకు 469, ఏడాదికి 1,849 రూపాయలు. జియోలో 84 రోజులకు 448. వీటి గురించి దుకాణంలో అడిగితేనే చెబుతారు. డేటా అవసరం లేని తాతకు అప్పటి 28 రోజుల 299 డేటా ప్లాన్ వేస్తూ పోతే ఏడాదికి 13 సార్లు వేయాలి, మొత్తం 3,887 రూపాయలు. ఏడాది కాల్స్ ప్లాన్‌తో పోలిస్తే 2,038 ఎక్కువ. ఆ డబ్బుతో కొత్త కీప్యాడ్ ఫోన్ కొన్నా ఇంకా మిగులుతుంది. పిల్లలు వేరే ఊరి నుంచి ఆన్‌లైన్‌లో రీఛార్జ్ చేస్తున్నప్పుడు అలవాటుగా పాత ప్లానే కొట్టేస్తుంటారు. వాళ్లు ఒక్కసారి కిందికి జరిపి చూడాలి. రేట్లు మారుతుంటాయి కాబట్టి వేసే రోజు ధర చూసుకోండి.

చౌక 5జి ఫోన్ విషయంలో తిరుపతి కుర్రాళ్లు కూడా మోసపోతున్నారు. 5జిలో ఎస్ఏ, ఎన్ఎస్ఏ అని రెండు రకాలున్నాయి. మొదటిది పూర్తిగా 5జి మీదే నడుస్తుంది, రెండోది 4జి ఆసరాతో. జియోది ఎస్ఏ. ఎయిర్‌టెల్ మొదట ఎన్ఎస్ఏ పెట్టింది. 2024 నవంబరులో 8,499కు వచ్చిన రెడ్‌మీ ఏ4 5జి ఎస్ఏ మీదే పనిచేస్తుంది. అంటే జియో సిమ్ వేస్తే 5జి వస్తుంది, ఎయిర్‌టెల్ వేస్తే అప్పట్లో 4జితోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఫోన్‌లో తప్పు లేదు, కొనే ముందు ఎవరూ చెప్పకపోవడమే తప్పు. పెట్టె మీద 5జి అని ఉంటే చాలదు, మీ సిమ్‌తో ఆ మోడల్‌లో 5జి వస్తుందా అని దుకాణదారుణ్ణి అడిగి, వీలైతే మీ సిమ్ వేయించి చూడండి.

రేడియేషన్ మాట తేలికగా తేలిపోతుంది. 2012 సెప్టెంబరు 1 నుంచి మన దేశంలో ఏ ఫోన్‌కైనా ఒంట్లోకి వెళ్లే రేడియేషన్‌కు పరిమితి ఒకటే, శరీర బరువులో కిలోకు 1.6 వాట్లు. ధరతో సంబంధం లేదు. చాలా ఫోన్లలో *#07# నొక్కితే ఆ విలువ కనిపిస్తుంది.

చౌక ఫోన్లంటే చైనా నుంచి వచ్చే డబ్బాలేనని కూడా ఆ మెసేజ్‌లో రాశారు. ఇది చదివినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. 2015 ఆగస్టులో షావోమీ 6,999కు తెచ్చిన రెడ్‌మీ 2 ప్రైమ్‌ను బిగించింది మన శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలోనే. విడిభాగాలు చాలావరకు బయటి నుంచే వస్తాయి, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ లైన్లలో నిలబడి ఫోన్లు బిగించింది చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు. కంపెనీ బస్సెక్కి షిఫ్టుకు పోయి వచ్చిన పిల్లల పనిని డబ్బా సరుకని ఎవరో ఎక్కడో కూర్చుని రాసేస్తే ఊరుకోలేం. నకిలీ ఫోన్ల భయం ఉంటే దానికి దారి ఉంది. *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు, కనిపిస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం అని రాసి, ఖాళీ వదిలి, ఆ నంబరు కొట్టి 14422కు ఎస్ఎంఎస్ పంపితే ఆ ఫోన్ వివరాలు వస్తాయి. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు డబ్బు ఇవ్వకముందే ఈ పని చేయండి. దొంగిలించారని ఫిర్యాదు చేసిన ఫోనైతే బ్లాక్ అయి ఉండొచ్చు. బిల్లు మీద ఐఎంఈఐ రాయించుకోవడం మరిచిపోకండి.

చివర ఉన్న లింకును మాత్రం ఎవరూ నొక్కొద్దు. ఉచిత ఫోన్ పేరుతో ఆధార్ నంబరు, ఓటీపీ అడిగే పేజీ ఏదైనా మోసమే. ఇప్పటికే నొక్కి వివరాలు ఇచ్చినవాళ్లు ఆలస్యం చేయకుండా బ్యాంకుకు చెప్పి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. డబ్బు ఇంకో ఖాతాలోకి పోకముందే చెబితే ఆపే అవకాశం ఎక్కువ. ఆధార్ వివరాలు కూడా ఇచ్చి ఉంటే, ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకుని, మీవి కానివాటిని అక్కడే రిపోర్ట్ చేయండి.