తొమ్మిది కార్డులు, ఒక మిక్సీ జారు

ఈ దేశంలో అడవులు ఎందుకు తగ్గిపోతున్నాయో నాకు మొన్న ఫిబ్రవరిలో తెలిసింది. నేను ఇరవై రూపాయల గ్రీటింగ్ కార్డులు కొనడం వల్లట. నిజానికి నేను కార్డు కొని పదిహేనేళ్ళయింది, అందరిలాగే మామిడాకుల బొమ్మ వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసేవాణ్ణి, అయినా బాధ్యత బాధ్యతే కదా. అందుకే ఈ ఉగాదికి ఇంట్లో పాత కాగితాలు నానేసి, చేత్తో కొత్త కాగితం తీసి, కార్డులు చేసి చుట్టాలకి పంపాను. ప్రతి తెలుగు కుటుంబం ఈ పని చెయ్యాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే నేనొక్కణ్ణే ఈ కష్టం పడితే ఎలా.

పద్ధతి చాలా ఈజీ అంటారు. కాగితాలు చించి రాత్రంతా నానబెట్టాలి, మిక్సీలో బోలెడు నీళ్ళు పోసి గుజ్జు చెయ్యాలి, టబ్బులో కలిపి, మెష్ కొట్టిన ఫ్రేము ముంచి పల్చటి పొర పైకి తియ్యాలి, గుడ్డ మీద బోర్లించి బరువు పెట్టి నీళ్ళు పిండి ఆరేయాలి. క్రీ.శ. 105లో చైనాలో త్సాయ్ లున్ అనే ఆస్థాన ఉద్యోగి చక్రవర్తికి చూపించింది కూడా ఇంచుమించు ఇదే. ఆయన చెట్ల బెరడు, పాత గుడ్డలు, చిరిగిన చేపల వలలు వాడాడట. ఆయనకి మిక్సీ లేదు కాబట్టి "ఏమండీ, రేపు పచ్చడి దేంట్లో చెయ్యమంటారు?" అని అడిగేవాళ్ళు ఉండుండరు.

ముడిసరుకు దగ్గరే నా పర్యావరణ ఉద్యమం మొదటి దెబ్బ తింది. ఇంట్లో కాగితం అంటే ముందు పెళ్ళి శుభలేఖలు, ఓ అట్టపెట్టె నిండా ఉన్నాయి. కానీ ప్రతి దాని మీదా వినాయకుడో వెంకటేశ్వరస్వామో ఉన్నారు, "దేవుణ్ణి మిక్సీలో వేస్తారా?" అని మా ఆవిడ అడిగాక ఎవడికి చెయ్యొస్తుంది చెప్పండి, పైగా సగం వాటికి ప్లాస్టిక్ పూత, వారం నానినా పెళ్ళికొడుకు పేరు కూడా చెరగదు. తర్వాత ఏటీఎం స్లిప్పులు, సూపర్ మార్కెట్ బిల్లులు, అవేమో థర్మల్ పేపరట, వాటి మీద కెమికల్ ఉంటుంది, రీసైక్లింగ్‌లో కలపకూడదట. మిగిలింది న్యూస్ పేపరు. అది గుజ్జయితే ఆ ఇంకంతా కలిసి బూడిద రంగు వస్తుంది, ఉగాదికి పంపితే ఎవరైనా పోయారేమో అనుకుంటారు. పైగా దాని నార పొట్టిది, అసలు రీసైకిల్ చేసిన ప్రతిసారీ నార ఇంకాస్త పొట్టిదై అయిదారు సార్లకి పనికిరాకుండా పోతుంది, అంచేత బలమైన తెల్ల కాగితం కావాల్సొచ్చింది.

కొన్నాను. మూడొందలు పెట్టి కొత్త ఏ-ఫోర్ కట్ట కొని, సీలు విప్పి, నలభై షీట్లు ముక్కలుగా చించాను. నవ్వకండి. పాత కాగితం లేకపోతే రీసైకిల్ ఎలా చేస్తాం, ముందు దాన్ని పాతది చెయ్యాలి కదా.

జైపూర్ పక్కన సాంగానేర్‌లో కాగ్జీ కుటుంబాలు తరతరాలుగా చేత్తో కాగితం తీసే పనిలోనే ఉన్నాయి, వాళ్ళు బట్టల తయారీలో మిగిలిన కాటన్ పేలికలు వాడతారు, చెట్టుతో పనే లేదు. గాంధీగారు 1934లో వార్ధాలో గ్రామ పరిశ్రమల సంఘం పెట్టించి ఆర్థికవేత్త జె.సి. కుమారప్పగారి చేతిలో పెడితే, అక్కడా చేతి కాగితం మళ్ళీ తియ్యడం మొదలుపెట్టారు. అది వాళ్ళకి పొట్టకూటి పని. మనకి ఆదివారం వర్క్‌షాప్, ఫీజు 2,500, బిస్కెట్లు ఫ్రీ. నేను వెళ్ళిన దాంట్లో చేతులు తడిపి ఫొటో తీసుకోవడం బాగానే నేర్పారు, గుజ్జులో గంజి కలపకపోతే ఇంకు పాకుతుందని మాత్రం చెప్పలేదు. నా మొదటి కార్డు మీద "శుభాకాంక్షలు" అని రాస్తే కాకి కాలు ఇంకులో ముంచి నడిచినట్టు వచ్చింది. రెండోసారి గంజి దట్టంగా కలిపితే చీమలొచ్చాయి.

డాబా మీద ఆరేస్తే పక్క ఫ్లాట్ ఆంటీ వడియాల పక్కనే చోటిచ్చారు పాపం. సాయంత్రం ఆవిడ తీసేటప్పుడు నావి మూడు ఆవిడ పళ్ళెంలోకి వెళ్ళిపోయాయి. వేయించారో లేదో ఇప్పటికీ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఇప్పుడు సీడ్ పేపర్ ఫ్యాషన్ కదా, కార్డు మట్టిలో పెడితే మొక్క వస్తుంది. గుజ్జులో మెంతులు కలిపి, బియ్యం బస్తా కింద రెండ్రోజులు తడిగా నొక్కి ఉంచాను. మెంతులు తడిలో రెండ్రోజులుంటే ఏమవుతాయో ఈ దేశంలో నాకు తప్ప అందరికీ తెలుసు. బస్తా ఎత్తేసరికి కార్డులు గడ్డం పెంచుకుని ఉన్నాయి. మెంతులతోనే ఇంకో బ్యాచ్ తీసి, ఫ్యాన్ కింద గబగబా ఆరబెట్టి తొమ్మిది నిలబెట్టాను.

లెక్క కూడా చెప్తాను, దాపరికం ఎందుకు. వర్క్‌షాప్ 2,500, కాగితం 300, మిక్సీ జారు 900, కొరియర్ తొమ్మిదింటికి 540. ఒక్కో కార్డు 471 రూపాయలు పడింది. ఫ్రేముకోసం కోసిన కిటికీ దోమల మెష్, గుడ్డ కింద పోయిన నా లుంగీ ఇందులో లేవు. బకెట్ల లెక్కన పోసిన నీళ్ళూ లేవు, ఆ వారం అపార్ట్‌మెంటుకి ట్యాంకరొచ్చింది, దానికీ నాకూ సంబంధం ఉందని ఎవరూ నిరూపించలేదు. తడవకుండా కొరియర్ అబ్బాయి ఒక్కో కార్డుకీ రెండేసి ప్లాస్టిక్ కవర్లు తొడిగాడు. లోపల "ఉగాది శుభాకాంక్షలు" రెండే మాటలు, వెనకాల మాత్రం ఇది చేత్తో చేసినది, చెట్టు కొట్టనిది, మట్టిలో కలిసేది అని పదకొండు లైన్లు. శుభాకాంక్షలు ఎవరైనా చెప్తారండీ, ఆ వెనక పేజీ కోసమే కదా ఇంత కష్టం.

ఎనిమిది మంది నుంచి థమ్స్ అప్ వచ్చింది. మూడు వారాల తర్వాత పెద్దమ్మ ఫోన్ చేసింది.

"ఒరేయ్, నువ్వు పంపిన అట్టముక్క తొట్లో పెట్టానురా. గుప్పెడు మెంతికూరొచ్చింది, ఇవాళ పప్పులో వేశాను. బాగా చేదుగా ఉంది."

"ఉగాది కదా పెద్దమ్మా."

"అయితే వచ్చే ఏడు కొత్తిమీర పంపు."