గురువుని తిడితే మనిషి ఇంకా దూరమవుతుంది

ఆశ్రమాల్లో చిక్కుకున్నవాళ్లని బయటికి తేవడం గురించి మీరు వేసిన వ్యాసంలో ‘ఆ గురువు మోసగాడని ఆధారాలు చూపించండి, కళ్లు తెరుస్తారు’ అని రాశారు. అలా కుదరదండీ. కావలిలో మా పిన్ని కూతురు ఇలాగే ఒక ఆశ్రమంలో చిక్కుకుంది. బీటెక్ చదివిన పిల్ల. మొదట్లో అందరూ ఫోన్లు చేసి తెగ ముద్దు చేశారు. తర్వాత నిద్ర తగ్గించారు, జీతం తీసుకున్నారు. ‘మీవాళ్లు ఆపడానికొస్తారు, అదే నీకు పరీక్ష’ అని ముందే నూరిపోశారు. బాబాయి వెళ్లి అరిచేసరికి వాళ్లు చెప్పిందే నిజమైంది! 1978లో గయానా దేశంలో జిమ్ జోన్స్ అనే మతగురువు పెట్టిన జోన్స్‌టౌన్‌లో ఆయన ఆదేశంతో 900 మందికి పైగా చనిపోయారు, అందులో చదువుకున్నవాళ్లూ ఉన్నారు. ‘బుద్ధి లేదా’ అని అడగడం దండగ.

పిన్ని మాత్రం ఆశ్రమం ఊసెత్తకుండా ఫోన్ చేస్తూనే ఉండేది. చేపల పులుసు పెట్టాను, మీ అన్న కూతురికి పళ్లొచ్చాయి, ఇవే కబుర్లు. డబ్బడిగితే ఇచ్చేది కాదు, బట్టలు కొనిచ్చేది. చివరికి ఆ పిల్లే ‘అమ్మా, బస్సు టికెట్‌కి పంపుతావా’ అంది.

ఇంటికొచ్చాక ఇంకో కథ. ఏ డ్రెస్సు వేసుకోవాలో కూడా చాలా నెలలు పిన్నినే అడిగేది, రాత్రిళ్లు ఒకటే టెన్షన్. ఈ దశ గురించి వ్యాసంలో ఒక్క ముక్క లేదు. ఇలాంటప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కి చేయొచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.