పిలిచి ఆడిస్తే టైటిల్ కాదా?

ఒళ్లు మండిపోతోంది. ఇవాళ సాయంత్రం వైట్‌ఫీల్డ్‌లోని మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో కింది అంతస్తు అబ్బాయికి స్నూకర్ ఆటగాడు రోనీ ఓసలివన్ గెలిచిన ఎనిమిది మాస్టర్స్ టోర్నీ టైటిళ్ల గురించి చెబుతున్నాను. నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన పెద్దాయన ఒకరు మధ్యలో అందుకుని, "ఏమమ్మా, పేరంటానికి పిలిచినట్లు పదహారు మందిని పిలిచి ఆడించేదానికి ఇంత హడావుడా? ర్యాంకింగ్ పాయింట్లు కూడా ఉండవట కదా!" అన్నారు. నా జవాబు వినే ఓపిక కూడా లేదు, ఫోను చూసుకుంటూ వెళ్లిపోయారు.

అయ్యా, ఆ పదహారు మందినీ మొహమాటానికి పిలవరు. ప్రపంచ ర్యాంకింగ్‌లో ముందు వరుసలో ఉంటేనే పిలుపు. పదిహేడోవాడు ఎంత మొనగాడైనా, ఎవరైనా తప్పుకుంటే తప్ప, ఇంట్లో కూర్చుని చూడవలసిందే. మామూలు టోర్నీలో తొలి రౌండులో ఊరూపేరూ తెలియని కుర్రవాడు తగలవచ్చు. ఇక్కడ తొలి మ్యాచే కొమ్ములు తిరిగిన ఆటగాడితో. ఆరు ఫ్రేములు, అంటే ఆరు ఆటలు (ఫైనల్లో పది), ముందుగా గెలిచినవాడు నిలుస్తాడు, రెండోవాడు పెట్టె సర్దుకుంటాడు.

2024 మాస్టర్స్‌లో చైనా ఆటగాడు డింగ్ జున్‌హుయ్‌కి ఏమైందో చూశారా? పదిహేను ఎర్ర బంతులు, ప్రతి ఎర్రదాని వెంట నల్లది, ఆపైన రంగు బంతులన్నీ వరుసగా. ఒక్క పొరపాటు లేకుండా ఒకే విడతలో 147 పాయింట్ల బ్రేక్ కొట్టాడు. ఈ ఆటలో అంతకు మించిన బ్రేక్ కోసం ఎవరూ ఆశపడరు. అంత కొట్టి కూడా ఓసలివన్ చేతిలో 6-3తో ఓడి ఇంటికి వెళ్లాడు. ఆ ఓసలివనే ఫైనల్లో వెనకబడి, పుంజుకుని, అలీ కార్టర్‌ను 10-7తో ఓడించాడు. అప్పుడతనికి 48 ఏళ్లు. మొదటి మాస్టర్స్ గెలిచింది 1995లో, 19 ఏళ్ల వయసులో. అన్నేళ్ల పట్టుదలను ఒక్క మాటతో తీసిపారేయడానికి నోరెలా వస్తుంది?

1998 మాస్టర్స్ ఫైనల్ సంగతి చెబితే ఆయన ఏమనేవారో! స్టీఫెన్ హెండ్రీ 9-6తో ముందున్నాడు. మార్క్ విలియమ్స్ 9-9 చేశాడు. చివరి ఫ్రేములో ఇద్దరి పాయింట్లూ సమానం. నల్ల బంతిని మళ్లీ దాని చోట పెట్టి, ఆ ఒక్క బంతి మీద టైటిల్ తేల్చారు. విలియమ్స్ దాన్ని పాకెట్లో వేశాడు. దానికి ర్యాంకింగ్ పాయింట్లు లేవు కాబట్టి లెక్కలోకి రాదా?

సరే, పాయింట్లే కావాలంటారా? ర్యాంకింగ్ టోర్నీ మన ముంగిట్లోకే వచ్చింది. ఇండియన్ ఓపెన్ 2016లో హైదరాబాద్‌లో జరిగింది, 2017లో విశాఖపట్నంలో జరిగింది. విశాఖలో కప్పు ఎత్తింది జాన్ హిగ్గిన్స్, అప్పటికే నాలుగు ప్రపంచ టైటిళ్లున్నవాడు! ఆ సంగతి మనవాళ్లలో ఎందరికి తెలుసు? అలాంటివాడు క్రికెట్ బ్యాటు పట్టుకుని వచ్చి ఉంటే బీచ్ రోడ్డు పట్టేది కాదు.

మన ఇళ్లలో ఈ ఆటంటే ఉన్న చులకన అంతా ఇంతా కాదు. స్నూకర్ అంటే పనీపాటా లేనివాళ్ల కాలక్షేపం, పొగ గదులు, చెడు సావాసాలు. ఆడపిల్ల క్యూ, అదే బంతి కొట్టే కర్ర, పట్టిందంటే ఇక చెప్పనే అక్కర్లేదు. ఇందిరానగర్‌లో ఒక స్నూకర్ పార్లర్‌కు వెళితే కౌంటరు దగ్గర కుర్రవాడు నన్నూ, నా చేతిలోని క్యూ పెట్టెనూ చూసి, "మీవారు వెనక వస్తున్నారా మేడమ్?" అని అడిగాడు. ఆ పెట్టె నాదని వాడికి తోచనే లేదు. ఇది బెంగళూరు! ప్రపంచ ఛాంపియన్ పంకజ్ అద్వానీ ఆడి పెరిగిన ఊరు. చిత్ర మగిమైరాజ్, విద్యా పిళ్లై ఆడిన ఊరు. 2017 మహిళల ప్రపంచ స్నూకర్ ఫైనల్లో విద్య హాంకాంగ్ క్రీడాకారిణి ఇంగ్ ఆన్ యీతో చివరి ఫ్రేము దాకా పోరాడి 6-5తో ఓడింది. ఆ మరునాడు మా బంధువుల్లో ఒక్కరి నోటా ఆమె పేరు వినలేదు. ఆ మంట నాకు ఇంకా చల్లారలేదు.

ఇక మా క్లబ్‌హౌస్ టేబుల్. పోయిన వారం ఎవరింటి పిల్లవాడిదో పుట్టినరోజు. కేకు పెట్టడానికి మా కమిటీ వారికి అదొక్కటే దొరికింది. ఆకుపచ్చ గుడ్డ మీద కూల్‌డ్రింక్ గ్లాసుల అడుగు గుండ్రంగా మూడు చోట్ల అచ్చుపడింది. పసుపు బంతి పెట్టే చోట క్రీము ఎండి గట్టిపడి ఉంది. మెల్లగా కొట్టిన బంతి అక్కడికి రాగానే దారి తప్పుతోంది. అడిగితే, "ఆడేది మీరిద్దరు ముగ్గురే కదమ్మా" అన్నారు. క్యారమ్ బోర్డు మీద చెయ్యి పెడితే ఊరుకోరు గానీ, ఇంత ఖరీదైన టేబుల్‌ను భోజనాల బల్ల చేశారు!

నెలనెలా నిర్వహణ రుసుము నేనూ కడుతున్నాను. ఈ ఆదివారం సమావేశంలో కొత్త గుడ్డ ఎప్పుడు వేయిస్తారో తేదీతో సహా రాతపూర్వకంగా ఇవ్వాలని అడుగుతాను. ఇచ్చేదాకా అక్కడి నుంచి కదలను. మా అపార్ట్‌మెంటులో ఈ ఆట ఆడేవాళ్లందరూ రండి.