చదరం కాని చదరపు కాగితానికి

మహారాజశ్రీ చదరపు రంగు కాగితం గారి దివ్యసముఖమునకు,

విజయవాడ నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాయడం మర్యాద గానీ, ఈ పక్క కుశలం అంతంతమాత్రం. నిన్న మధ్యాహ్నమంతా తమరి సేవలోనే గడిచింది. అదీ ఫ్యాను ఆపుకుని. వేస్తే తమరు ఎగిరిపోతారు కదా! ఈ ఊళ్ళో పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళ కోసం కూడా మధ్యాహ్నం పూట ఎవరూ ఫ్యాను ఆపరు.

తమరి అట్ట మీద "15 సెం.మీ. × 15 సెం.మీ." అని బంగారు రంగులో అచ్చు వేశారు. మా బాబాయి షష్టిపూర్తికి కార్డు, పిన్ని పాత ఫొటోలతో ఒక స్క్రాప్‌బుక్కు, రెండింటి మీదా కాగితం మడిచి చేసే ఐదు రేకుల పువ్వులు. రేకుకి ఒక చదరం. ఎదురెదురు మూలలు కలిపి మడిస్తే త్రికోణం రావాలి, వచ్చింది. కాకపోతే చీర కింద నుంచి లంగా కనబడ్డట్టు ఒక అంచు కింద నుంచి ఇంకో అంచు తొంగి చూస్తోంది. స్కేలు పెట్టి చూస్తే ఒక పక్క 15, రెండో పక్క 15.2.

రెండు మిల్లీమీటర్లకే ఇంత గోలా అని మీరు అనవచ్చు. (తమరు నుంచి మీరుకి దిగాం, గమనించే ఉంటారు.) కొట్టాయన కూడా అదే అన్నాడు, "పువ్వే కదమ్మా, ఎవరు కొలుస్తారు?" అని. పువ్వే కొలుస్తుందండీ! త్రికోణం రెండు కొసలూ పై మొనకి తెచ్చి, ఆ రెక్కల్ని మళ్ళీ బయటికి మడిచి, విప్పి గాలిపటం ఆకారం వచ్చేలా నొక్కి, మిగిలిన కొసలు లోపలికి మడిచి, రెండు పక్కలూ దగ్గరికి తెచ్చి అంటిస్తే ఒక రేకు. మొదటి మడతలో తప్పిన రెండు మిల్లీమీటర్లు చివరిదాకా వెంటే వస్తాయి. అలాంటి ఐదు రేకులు అంటించాక మొనలన్నీ నడిమధ్య ఒకే చుక్క దగ్గర కలవాలి. మీవి కలవవు. మధ్యలో కన్నం. కన్నం మీద ముత్యం అంటిస్తాం. కార్డు అందుకున్నవాళ్ళు "ఆ ముత్యం ఎంత అందంగా పెట్టావే" అంటారు. పూలు మడిచేవాళ్ళందరికీ ఆ ముత్యం సంగతి తెలుసు, ఎవరూ నోరు విప్పరు.

వానాకాలం తేమకి సాగాను అంటారేమో. కాగితం తేమ పీల్చి పీచుకి అడ్డంగా ఎక్కువ సాగుతుందని నాకూ తెలుసు. సాగితే పక్క పెరుగుతుంది సరే, మూల వంకర ఎందుకు పోతుంది? పైగా ఒకే కట్టలో ఎరుపు ఒకవైపు, పసుపు ఇంకోవైపు వంకర. తేమ కూడా రంగు చూసి పీలుస్తుందా?

రంగుల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా, కట్టలో అన్ని నల్ల కాగితాలు ఎందుకు? ఏ శుభకార్యానికి నల్లపువ్వు అంటిస్తారు? మడత మీద వేలు రాస్తే రంగు చిట్లి తెల్లగా బయటపడే సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం.

1893లో మద్రాసులో టి. సుందరరావు గారు కాగితం మడతలతో జ్యామితి నేర్పుతూ ఇంగ్లీషులో ఒక పుస్తకం వేశారు. మొదటి అధ్యాయమే చదరం. ఎటుబడితే అటు చిరిగిన కాగితాన్ని మడిచి, మడత వెంట కోసి చదరం ఎలా తీయాలో చెప్పారాయన. అంటే ఆయన చేతిలో చిత్తుకాగితం కూడా చదరం అయ్యేది. నువ్వు చదరం అని పేరు పెట్టుకుని, డబ్బులు పుచ్చుకుని, పదిహేను అని అబద్ధం అచ్చేయించుకుని వచ్చావు. అదీ ఎక్కడికి? ఏలూరు రోడ్డు పొడవునా పుస్తకాల షాపులున్న ఊరికి! ఇక్కడ బైండింగు కుర్రాడు కూడా కంటిచూపుతోనే నీ వంకర పట్టేస్తాడు. పట్టేశాడు కూడా.

సాయంత్రం నిన్ను బైండింగు షాపుకే తీసుకెళ్ళాను. అతను కట్టని అటూ ఇటూ తిప్పి, "మందంగా పేర్చి ఒకేసారి కోసుంటారక్కా, బిగింపు సరిగా లేక జరిగింది" అన్నాడు. కటింగ్ మిషన్‌లో పెట్టి నాలుగు పక్కలా కోశాడు. ఇప్పుడు నీ కొలత 14.5. అయినా చదరానివి. మూలలు కలిపితే అంచు మీద అంచు కూర్చుంది, మొనలు చుక్క దగ్గర కలిశాయి. చక్కగా ఉన్నావు, కాదనను. అందుకే ఒళ్ళు మండుతోంది. ఇంత బుద్ధిగా మడతపడడం వచ్చినదానివి, ఆ ఫ్యాక్టరీలో ఒక్క నిమిషం సరిగా నిలబడలేకపోయావా? నిన్ను కొన్నది ఒకచోట, కోయించింది ఇంకోచోట, రెండుచోట్లా డబ్బులు నావే. విప్పిన కట్ట వెనక్కి తీసుకోరట. విప్పకుండా చదరమో కాదో ఎలా తెలుస్తుందని అడిగితే, కొట్టాయన వెనకున్నామెకి పెన్నులు చూపిస్తున్నాడు.

ఇట్లు,
గమ్ము ఎండిపోయిన వేళ్ళతో,
నీ బెజవాడ కస్టమరు.

తా.క.: ముత్యాల పొట్లం కూడా అయిపోయింది. అది నీ ఖాతాలో రాశాను.