సబ్సిడీ చేతికి రాదండీ

పీఎంఈజీపీ కింద, అంటే సొంతంగా చిన్న యూనిట్ (వ్యాపారం) పెట్టుకునేవాళ్లకు కేంద్రం సబ్సిడీతో అప్పు ఇప్పించే పథకం కింద, పెట్టుబడిలో 35 శాతం డబ్బు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుందని మీ వ్యాసంలో రాశారు, అది చదివి బెంగళూరులో మా బొమ్మనహళ్లి గల్లీలో ఇద్దరు ముగ్గురు అప్పుడే కుట్టుమిషన్ల ధరలు కనుక్కుంటున్నారు, అందుకే ఇది రాస్తున్నా. మాది అనంతపురం వైపు. తొమ్మిదేళ్లు గార్మెంట్ ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టాను, ఆర్డర్లు లేవని ఒక నెల జీతం చేతిలో పెట్టి పంపించేశారు.

35 శాతం పల్లెల్లో, అదీ మహిళలు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ లాంటి వాళ్లకు. బెంగళూరు సిటీలో నాలాంటి ఆడవాళ్లకు 25, జనరల్ మగవాళ్లకైతే 15 అంతే. పైగా ఆ డబ్బు మన చేతికివ్వరు, బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్‌గా ఉంచి, యూనిట్ నిజంగా నడుస్తోందని చూశాకే అప్పులో తగ్గిస్తారు. నాలుగు లక్షల యూనిట్ అనుకోండి, నేను 20 వేలు పెట్టాలి, మిగతా 3.80 లక్షలూ మొదట అప్పే. అందులో నా 25 శాతం సబ్సిడీ, అంటే లక్షకు వడ్డీ వెయ్యరు, అదొక్కటే ఊరట.

శిక్షణ గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. బెంగళూరు పక్కన నెలమంగల దగ్గర రుడ్‌సెట్ అనే స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో భోజనం, వసతితో సహా ఉచితంగా నేర్పిస్తారు, పల్లెల నుంచి వచ్చే కుర్రాళ్లకు చెప్పండి.

ఇక బ్యాంకు. ఈ అప్పు కోసం నేను వెళ్తే మూడుసార్లు తిప్పి, తాకట్టుకి ఊళ్లో పొలం కాగితాలు తెమ్మన్నారు. 10 లక్షల లోపు ఇలాంటి అప్పుకి తాకట్టు అడగకూడదని ఆర్బీఐ రూలే ఉందిగా! మా అబ్బాయి ఆ రూలు ప్రింట్ తీసిచ్చాడు, అది చూపించాకే ఫైలు కదిలింది. మంజూరు ఇంకా రాలేదు.