మాన్సా మూసా బంగారం ఒక్కటే కథ కాదు

1324లో మక్కా యాత్రకు వెళ్తూ కైరోలో బంగారం కుమ్మరించిన మాలీ చక్రవర్తి మాన్సా మూసా గురించి మన వాట్సాప్ గ్రూపుల్లో వీడియోలకు కొదవలేదు. ఇస్లాం వల్ల పశ్చిమ ఆఫ్రికా రాజుల అధికారం ఎలా మారిందన్నది మాత్రం ఎవరికీ పట్టదు. నాకు అసలు చరిత్ర అదే అనిపిస్తుంది.

11వ శతాబ్దపు ఘనా రాజ్యాన్నే తీసుకోండి. ఇది ఇప్పటి ఘనా దేశం కాదు, నేటి మౌరిటేనియా, మాలీ ప్రాంతాల్లోని పాత రాజ్యం. రాజు ముస్లిం కాదు. అయినా కోశాధికారి, దుభాషీలు, మంత్రుల్లో ఎక్కువమంది ముస్లింలే. చదువూ రాతా, సహారా దాటే వర్తకం తెలిసినవాళ్లు కాబట్టి రాజుకు వాళ్లు కావాలి. గద్దె మాత్రం పాత ఆచారం ప్రకారం మేనల్లుడిదే. 1063లో బాసీ తర్వాత తుంకా మనీన్ అలాగే రాజయ్యాడు. ఆ కొలువు గురించి అరబ్ భూగోళ రచయిత అల్ బక్రీ 1068లో రాశాడు: రాజు మతంవాళ్లు మోకాళ్ల మీద పడి నెత్తిన మన్ను చల్లుకుంటారు, ముస్లింలు చప్పట్లు కొట్టి వందనం చేస్తారు.

1352లో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా మాలీకి బయల్దేరే నాటికి అక్కడి రాజు సులేమాన్ ముస్లిమే. కొలువులో మన్ను చల్లుకోవడం మాత్రం పోలేదు. దీన్ని అరకొర భక్తి అని తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. వర్తకులకూ ఖాజీలకూ నమ్మకం కుదరాలంటే ఇస్లాం కావాలి, జనం లొంగి ఉండాలంటే పాత మర్యాదలు కావాలి. రాజు రెండూ వదులుకోలేదు.

మాలీ తర్వాత ఎదిగిన సొంఘాయ్ రాజ్యంలో అస్కియా ముహమ్మద్‌కు ఆ వెసులుబాటు లేదు. 1493లో పాత రాజు సున్నీ అలీ (ఇక్కడ సున్నీ ఆ వంశపు బిరుదు, ముస్లిం శాఖ కాదు) కొడుకును ఓడించి గద్దెనెక్కిన సేనాని అతను, రాజవంశం వాడు కాదు. అందుకే హజ్‌కు వెళ్లి, కైరోలో ఖలీఫా బిరుదు తెచ్చుకున్నాడు. సున్నీ అలీ నిజమైన ముస్లిం కాడని అల్ మఘీలీ అనే పండితుడి చేత చెప్పించుకున్నాడు. రక్తసంబంధం ఇవ్వని హక్కును మతం ఇచ్చింది.

కానీ రాజు ముస్లిమేనా కాదా అని పండితుడు తేల్చవచ్చని ఒప్పుకున్నాక, ఆ ప్రశ్న ఏ రాజునైనా వెంటాడుతుంది. 1804లో మతపండితుడు ఉస్మాన్ దాన్ ఫోడియో, నేటి ఉత్తర నైజీరియా వైపున్న హౌసా రాజ్యాల్లో ఒకటైన గోబిర్ రాజు మీద తిరగబడ్డప్పుడు అల్ మఘీలీ తీర్పులనే ఆధారంగా చూపారు. హౌసా రాజులూ ముస్లింలమనే చెప్పుకునేవారు. అడ్డగోలు పన్నులు, పాత పూజలు వాళ్ల మీద మోపిన నేరాలు. కొద్ది ఏళ్లలోనే ఆ రాజుల గద్దెలు చాలావరకు ఉస్మాన్ ఉద్యమం నుంచి పుట్టిన సొకోటో రాజ్యపు ఎమీర్ల (పాలకుల) చేతికి వెళ్లిపోయాయి.